ముప్పై బారలు దాటని మిషను

(శ్రీకాకుళంలో పడవ సామాన్ల కొట్టు. దాలయ్య ఎదురు బడ్డీకి టీ తాగడానికి వెళ్ళాడు. లోపల అతని భార్య నీలవేణి, కొట్టు యజమాని నగరేశ్వరరావు.)

“ఇంకా తక్కువది సూపించండి సావుకారు గారూ.”

“ధర తక్కువదా అమ్మా?”

“ధర కాదండీ, లోతు. తక్కువ లోతు సూసేది.”

“చూడు నీలవేణీ, ఇరవయ్యేళ్ళుగా ఈ కొట్లో కూర్చుంటన్నాను. చేపల జాడ చెప్పే మిషను ఎక్కువ లోతు చూడట్లేదని దెబ్బలాటకొచ్చినవాళ్ళున్నారు. తక్కువ చూసేది కావాలన్నదానివి నువ్వొక్కర్తివే.”

“అడిగితే తప్పేటి? ఇది ఎంతవరకు సూస్తాది?”

“మూడొందల మీటర్లు. మీ లెక్కలో నూట అరవై బారలు.”

“ఓలమ్మో! అంత కింద సూడ్డానికి ఏటుంటాదండీ?”

“ఏముంటాయి, చేపలు.”

“ఉంటే ఉండనీండి. ఆటి బతుకు అవి బతుకుతాయి. మరి ఈ సిన్నదో?”

“యాభై అయిదు మీటర్లు. ముప్పై బారలు. అది దాటితే తెర మీద ఏమీ రాదు. చెరువుల్లో తిరిగేవాళ్ళ కోసం తెప్పించాను. సముద్రం మీదికెళ్ళేవాళ్ళు దీని మొహం కూడా చూడరు.”

“ముప్పై బారల లోతంటే ఒడ్డుకి ఎంత దూరమండీ?”

“మీ కళింగపట్నం లైట్‌హౌసు ఇంకా కంటికి ఆనుతూనే ఉంటుంది.”

“అదీ! అది కట్టీండి.”

“ఉండుండు. సముద్రం మీదికెళ్ళేది నువ్వా, దాలయ్యా?”

“మా మావే. అందుకే కదండీ! కంటికి కనపడందాని మీద ఆశ పుట్టదు. పెద్దది కొన్నామనుకోండి, వంద బారల కింద పచ్చగా ఏదో మెరుస్తాది. మా తమ్ముడు అసిరయ్య అణియం మీద కూకుంటాడు కదా...”

“పడవకి ముందు కొసన. తెలుసులే.”

“ఆడు ‘ఇంకాస్త ముందుకి బావా, ఇంకాస్త’ అంటాడు. ఎనక మోటారు కాడ మా మావ. ఆడి మాట ఈయన ఎప్పుడు కాదన్నాడు గనక?”

“మిషను బిగించేదీ ఆ అణియం మీదేనమ్మా. వెనకైతే మోటారు లేపే బుడగలకి తెర సరిగా రాదు.”

“అదేనండీ నా ఏడుపు! మిషనూ ముందే, మా తమ్ముడూ ముందే. ఇద్దరూ కలిసి మా మావని సింగపూరు లాక్కుపోతారు.”

“మరీ చెప్తావు.”

“మరీనా? పోయిన నెల రెండు రోజులు రానేదు తెలుసా! ఫోను సేస్తే పరిధిలో లేరు, పరిధిలో లేరు అని ఆ పిల్ల ఒకటే పాట. మూడోనాడు మా గుంట సింధు, మూడేళ్ళ పిల్ల, ఆ మాట వొప్పజెప్పేసినాది నాకు. నాన్నేడే అంటే ‘పరిధిలో లేరు’ అంటాది. నా పేణం పోయినంత పనైంది.”

“అయ్యో. దాలయ్య వచ్చాక ఏమన్నాడు?”

“ఏటంటాడు? నవ్వినాడు. గాలి మారితే ఆగినాం, ఆకలేస్తంది, కూడెట్టు అన్నాడు. ఆయనకి భయమన్నది పుట్టుకలోనే నేదండీ. ఆ వాటా కూడా కలిపి దేవుడు నాకే పెట్టేసినాడు.”

“ఆ మాటేదో ఇంట్లో చెప్పుకోవచ్చుగా?”

“సెప్తే ‘నా పెళ్ళాం పిరికిది’ అని రేవంతా నవ్విస్తాడు. మీరు సెప్పండి. పెద్దది మా పడవకి ఆగదని సెప్పండి.”

“నేను వ్యాపారం చేస్తన్నానా, సంసారాలు చక్కబెడతన్నానా? అబద్ధం ఆడమంటే ఎలాగమ్మా?”

“ఇదేటి, బల్ల మీదున్నా ఈ మిషన్లో సేపలు తిరుగుతన్నాయి!”

“అది డెమో. ఉత్తుత్తి చేపలు, ఎలా కనపడతాయో చూపించడానికి.”

“సుక్క నీళ్ళు నేకుండా సేపలు సూపించే మిషను అమ్ముతన్నారు. ఒక్క అబద్ధానికి మీకు మొగమాటమేటండీ?”

“ఊరుకో, వస్తన్నాడు.”

“ఏటే నీలవేణీ, సూసినావా? ఏది సావుకారూ పెద్దది? ఇదేనా? అసిరిగాడు వాట్సాపులో ఫొటో ఎట్టమన్నాడు.”

“దాలయ్యా, అది... అది మీ పడవకి ఆగదు.”

“ఆగకపోడమేటి?”

“మీ అణియం సన్నం. దీని కిందుండే సెన్సర్ బరువు. అల మీద ఒడ్డెక్కేటప్పుడు ఇసకకి కొట్టుకుని ఊడిపోతుంది.”

“పైకి లేపుకునే కమ్మీ ఇస్తారంట కదా?”

“ఇస్తారు, ఇస్తారు. ఆ కమ్మీయే ఇప్పుడు లేదు.”

“ఎప్పుడొస్తాది?”

“ఎప్పుడంటే... ఎప్పుడు చెప్పమంటావమ్మా... అదే, వానలయ్యాక.”

“దాన్నడుగుతారేటి?”

“మావా, సావుకారు గారు పెద్దాయన. కొట్లో కూకుని అబద్ధమాడతాడేటి?”

“నువ్వూరుకోయే. సారు కాసే గిన్నె తప్ప నీకు ఏ లోతు తెలుసు? నూట అరవై బారల మిషను తెస్తన్నానని రేవంతా సెప్పినాను. ఇప్పుడు సెరువు మిషను పట్టికెల్తే అసిరిగాడు నవ్వడా?”

“నవ్వితే నవ్వుతాడు. ఒడ్డునుంటేనే కదా నవ్వేది.”

“మొదలెట్టినాది. సూసినారా సావుకారూ! దీని మాట ఇంటే నాను పడవ మానేసి పెరట్లో కోళ్ళు కాసుకోవాల. మగోడన్నాక...”

“అదిగో, బయట ఆటోలో అత్త కాడ సింధు ఏడుస్తన్నట్టున్నాది. ఆవిడ వల్ల కాదు.”

“ఎల్లు మరి. ఇక్కడ నాను మాటాడతాను.”

“మాటాడు. గాని మావా, నా మీద ఒట్టే, ఆ పెద్దది...”

“ఎల్లవే బాబూ!”

“దాలయ్యా, నా మాట విను. పెద్దదాన్ని...”

“ఎల్లిపోనాదా?”

“వెళ్ళింది. పిల్లనెత్తుకుని ఆటో దగ్గరుంది.”

“ఆ తలుపు కాస్త జారేయండి. ఆఁ. ఆ సిన్నది ఎంత లోతు సూస్తాది?”

“ముప్పై బారలు.”

“ముప్పై ఒకటికెల్తే?”

“తెర మీద ఏమీ ఉండదు.”

“ఏ బొత్తాం నొక్కినా?”

“ఏం నొక్కినా అంతే.”

“అది కట్టీండి. కమ్మీ నేదన్నారు కదా, ఆ మాట బిల్లు మీద రాసి ముద్దర గుద్దండి. అసిరిగాడికి సూపించాల.”

“ఇదేంటయ్యా! ఇప్పటిదాకా మగోడూ, కోళ్ళూ అన్నావు?”

“పోయిన నెల ఆ గాల్లో అణియం లేసి నా నెత్తి మీదికి వచ్చినాది సావుకారూ. ముందు కూకుని అసిరిగాడు పాటలు పాడతన్నాడు. నాను మోటారు కర్ర పట్టుకుని ఎంతమంది దేవుళ్ళకి మొక్కినానో, పేర్లు కూడా గేపకం నేవు. మల్లీ అక్కడికే ఎల్దాం బావా అంటన్నాడు. రానని ఎలగంటాను? ‘మిషనుకే కనపడతం నేదురా, ఎక్కడికెల్తాం’ అంటే మాత్రం నోరు మూసుకుంటాడు.”

“దాలయ్యా, ఈ సంగతి నీలవేణికి తెలుసా?”

“వొద్దు, వొద్దు! మీకు దణ్ణం పెడతాను, దానికి సెప్పకండి. నాకు భయమని తెలిస్తే, అది భయపడిపోతాది.”