అలసిన పాముకు ఎర్రగుడ్డ

ముప్పై ఒక్క సంవత్సరాల క్రితం, జూన్ నాలుగవ తేదీ సోమవారం ఉదయం, మనమంతా థర్మామీటరక్కయ్య అని పిలుచుకునే గౌరవనీయురాలు మన సర్ప సంరక్షణ కేంద్రంలో సహాయకురాలిగా చేరారు. గదులు ఊడ్చి గుడ్డలుతికే ఉద్యోగంలో నేను అప్పటికి వారికన్నా మూడు నెలలు సీనియర్‌ని. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

పాముకు తనదంటూ ఒంటివేడి ఉండదని, గది చల్లబడితే దాని గుండె కూడా నెమ్మదిస్తుందని, మింగినది అరగక కడుపులోనే కుళ్లుతుందని గ్రహించి, తొలి పదేళ్లూ చలికాలమంతా గంటకోసారి థర్మామీటరు చూస్తూ ఒక్క ప్రాణినీ పోనివ్వని ఘనత వారిది. తరువాత పర్యవేక్షకురాలై, పెనుగులాడిన పాము కొద్ది నిమిషాల్లోనే సత్తువ కోల్పోతుందని, కోలుకోవడానికి గంటలు పడుతుందని గమనించి, అటువంటి పాము గది తలుపుకు ఎర్రగుడ్డ కట్టే పద్ధతి తెచ్చారు. గుడ్డ ఉన్నంతసేపు దాన్ని ఎవరూ తాకకూడదు.

ఏడేళ్ల క్రితం మా అమ్మాయి వారి దగ్గర పనిలో చేరింది. ఏ పాము ఎప్పుడు కాటేస్తుందోనని ఆనాటి నుంచీ నా గుండె గుప్పిట్లోనే ఉంది. "స్వెట్టరు వేసుకోవే" అని నేను నెత్తీనోరూ బాదుకున్నా వినని పిల్ల, అక్కయ్య ఒక్కమాటంటే వేసుకునేది. పాత దుప్పటి చించి, అంచులు ముద్దుగా మడిచి, ఆ ఎర్రగుడ్డలు వారికి తానే కుట్టిచ్చింది. కన్నతల్లికి చేతిరుమాలైనా కుట్టలేదు.

ఒకనాడు ఇంజెక్షను వేస్తుంటే పెద్ద కొండచిలువ బాగా పెనుగులాడింది. అక్కయ్య తలుపుకు గుడ్డ కట్టి వెళ్లారు. ఆ అంచుకుట్టు చూసి నాకు ఒళ్లు మండింది. మాసిందన్న వంకతో విప్పి బకెట్లో పడేశాను. తలుపుకు గుడ్డ లేదు కదా అని అరగంటకు అమ్మాయి తూకం వేద్దామని కొండచిలువను మళ్లీ బయటికి తీసింది. అది కాస్త గింజుకుని, తాడులా వాలిపోయి, నోరు తెరిచింది.

"అయ్యో, చచ్చిపోయిందే! నీ ఉద్యోగం పోయినట్టే!" అని నేను గోలపెట్టాను.

"ముందు నువ్వు కూర్చో. నాలుగు గుక్కల నీళ్లు తాగి లేవడానికి అది మనలాంటిది కాదు. గది వెచ్చగా ఉంచి వదిలేద్దాం," అని, నా గోల విని వచ్చిన అక్కయ్య సాయంత్రం దాకా స్టూలు మీదే కూర్చున్నారు. చివరికి అది నాలుక ఆడించింది.

"గుడ్డ ఎందుకు లేదు?" అని అధికారి గద్దించారు.

అక్కయ్య నా తడిచేతుల వంక చూశారు. "కట్టడం నేనే మరిచానండీ," అన్నారు.

వారి సుదీర్ఘ సేవలో ఏకైక మందలింపు అదే. ఆ తప్పు నాదని వారి పదవీ విరమణ సందర్భంగా వస్తున్న ఈ సంచిక ముఖంగా మనవి చేస్తున్నాను. ఈమధ్యే అమ్మాయికీ చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు నా ఒళ్లో కొత్త ఎర్రగుడ్డ పడేసింది.

"అక్కయ్యే చెప్పారు. 'మీ అమ్మ ఇన్నేళ్లూ నీకోసం భయపడీ భయపడీ అలిసిపోయిందే, ఆవిడకీ ఒకటి కుట్టు' అన్నారు."

అదీ వారు చెబితేనే!

గంటగంటకూ లేవనవసరం లేని వెచ్చని విశ్రాంతి, నిండు ఆరోగ్యం, నూరేళ్ల ఆయుష్షు వారికి కలగాలని మనసారా కోరుకుంటున్నాను. ఇకపై ప్రతి ఆదివారం మా అమ్మాయి వారింటికి వెళుతుందట. నేనూ వెంట వస్తాను.