తంబూర కింది దారప్పోగు

"నానమ్మా, ఈ తంబూర గింత జుమ్ముమంటదేంది? తీగెల కింద ఈ దారాలెందుకు?"

జర గట్టిగ అను బిడ్డా. ఆఁ, దారాలా. ముట్టకు, అట్లనే ఉండనీ. వాటితోని ఒకసారి నా పానం పోయినంత పనైంది. కూసో, చెప్త.

ఇది మా మామది, అంటే మీ తాత వాళ్ల నాయనది. బూర్గంపాడుల మా ఇంట్ల వారం వారం భజన. నేను కాపురానికొచ్చిన రెండో ఏడు, కాదు కాదు, మూడో ఏడు, మీ పెద్దత్త కడుపుల ఉన్నది. అప్పటికే మామకు చెవులు సగం పోయినయ్. మరి ఎట్ల పాడుతుండె అంటవా, తంబూర దండికి, ఈ పొడుగు కట్టెకు, దవడ ఆనిచ్చేటోడు. ఆ జుమ్ము బొక్కలల్లకు, ఎముకలల్లకు దిగుతదంట, దాన్ని పట్టుకొని శృతి తప్పకపోతుండె. నవమికి భద్రాచలంల మా భజనోళ్లు ఏటా పాడుతుండ్రి. ఆ ఏడు మామ "వినరానినాడు ఇగ పాడ" అన్నడు.

నేనేం జేసిన, నవమి ముందటి రోజు పొద్దుగాల ఎవ్వరు లేంది చూసి తంబూర తీసి తుడిచిన. కొబ్బరినూనె సీసా అప్పట్ల రూపాయిన్నరో, రెండో, తలకే సుక్క సుక్క రాసుకునేటోళ్లం, అయినా దీనికి పూసిన. తీగెలు ఆనే ఈ చిన్న పీట లేదూ, గుర్రం అంటరు, దాని మీద మాసిన దారాలు కనబడ్డయ్. చెత్తనుకున్న. లాగి పారేసిన.

మాపటికి మామ మీటిండు. టంగుమన్నది, అంతే, ఆగిపోయింది. దవడ ఆనిచ్చి మళ్ల మీటిండు. "చెవులు మొత్తమే పోయినయ్ రా, నేను రాను" అన్నడు మీ తాతతోని. మీ తాతకేమో పాటంటే సున్న, ఏమీ తెల్వదు. నేనేదో చెడగొట్టిన్నని నాకు సమజైంది, ఎరుకేనా, కానీ చెప్పలే. భయం.

తెల్లారి భజనోళ్లను బతిమాలి, దేవుణ్ణి చూసుటానికన్న రమ్మనిపిచ్చి మామను బస్సెక్కిచ్చిన. భద్రాచలంల దిగంగనే తంబూర ఎత్తుకొని ఖాసిం భాయ్ దుకాణానికి పోయిన. ఆయన హార్మోనియంలు బాగు చేస్తుండె. ఉన్నదున్నట్టు చెప్పిన. నవ్విండు. నా కొంగు అంచున నాలుగు పోగులు గుంజిండు, తీగెల కింద పెట్టి జరుపుకుంట మీటిండు. "చూడమ్మా, దారం తీగెను యెంట్రుకంత లేపుతది. అప్పుడు ఊగే తీగె ఈ వంపు పీటను తాకుతది, లేస్తది, మళ్ల తాకుతది. ఆ తాకుడే జుమ్ము. ఇటు జరిగితే మూగ, అటు జరిగితే గరగర" అన్నడు. ఒక్కకాడ నిలిచింది చూడు, దుకాణమంత నిండింది.

గుడికాడ మామ దగ్గరికొచ్చిన. అందరి ముందే చెవుల నోరు పెట్టి అరిచి చెప్పిన, దారాలు నేనే తీసిన, నీ చెవులు పోలేదు మామా అని. తంబూర అందుకున్నడు. దవడ ఆనిచ్చి మీటిండు. కండ్లల్ల నీళ్లు దిగినయ్ ఆయనకు, నాకు గూడ. మంచిగ పాడిండు. వేదిక దిగినంక నన్ను పిలిచి, "ఇగ దారం పెట్టుడు నీ పని కోడలా" అన్నడు. ఆడోళ్లను తంబూర ముట్టనియ్యని ఇల్లది. ఆయన పోయేదాక నేనే పెట్టిన.

ఇప్పుడు నాకే వినొస్తలేదు. ఏదీ, ఇటు తే, దవడ ఆనియ్యనీ... ఊహూ, ఇందాక నువ్వు ముట్టినప్పుడే జరిగినట్టుంది పోగు. నువ్వే జరుపు బిడ్డా. ముట్టొద్దంటి గని, ముట్టు. మెల్లగ... ఇంకింత... ఆఁ. అగో, వచ్చింది. సల్లగుండు బిడ్డా, నీ చెయ్యి సల్లగుండ. తియ్యకు, అట్లనే మీటు...