రాజనర్సు సాకిన సీల్ పిల్ల

గల్ఫ్‌లోని సిత్రాలో, పనివాళ్ల క్యాంపు గేటు పక్కన చాయ్ కొట్టు దగ్గర, శుక్రవారం పొద్దున రాజనర్సు కూర్చున్నాడంటే మాటలు కోటలు దాటాల్సిందే. ఆయనకు ఉబ్బసం ఉందని, చల్లగాలి తగిలితే ఊపిరాడదని ఎరిగినవాడు ఒక్కడే, ఒకే రూములో ఉండే ముత్తన్న. అది బయటపడితే నలుగురిలో తల ఎత్తుకోలేనని రాజనర్సు భయం.

"ఉత్తర ధ్రువం కాడ ఓడల పని జేసిన. సీల్‌ను సూసిన," అని మొదలుపెట్టాడు.

"సీలంటే చాపనా అన్నా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న వెంకటి.

"చాప గాదుర, పిల్లకు పాలిచ్చే జీవి. ఒంటి నిండ కొవ్వు, కాళ్ల జాగల రెక్కలు. మంచు కింద ఈదుతది గని ఊపిరికి పైకి రావాలె గద, గోళ్లతోని గీకి బొక్క జేసుకుంటది. ఓనాడు ఆ బొక్క గడ్డకట్టె. తల్లి సీల్ లోపల కొట్టుకుంటున్నది. ఏం జేసిన్నో ఎరుకేనా? పండ్లతోని కొరికిన! మూడు గజాల మంచు, పటపట!"

"అబ్బో!"

"ఆగు, అయిపోలే. అది పైకొచ్చి, తెల్లబొచ్చు పిల్లను నా ఒళ్లె ఏసి యాటకు వోయింది. నెల రోజులు సాకిన, అంగి లేకుంట, మంచు మీద! తెల్ల ఎలుగుబంటి వొస్తే చెంప మీద ఒక్కటిచ్చిన, ఏడ్సుకుంట వోయింది. ఆఖరికి సీళ్లన్ని గలిసి నన్నే పెద్దమనిషిని జేసినయ్. వాటి పంచాయితీలన్ని నేనే తెంపిన!"

పక్క బల్ల మీద చాయ్ తాగుతున్న ఫోర్‌మన్ సత్యప్రసాద్ లేచొచ్చాడు.

"భలే దొరికావయ్యా! కోల్డ్ స్టోరేజీకి మనిషి కోసం వారం నుంచి వెతుకుతున్నా. మైనస్ ఇరవై. పని తెలుసన్నవాడికే పని, మన క్యాంపు పద్ధతి తెలుసుగా. రేపట్నుంచి నీ డ్యూటీ అక్కడే," అంటూ పేరు రాసేశాడు.

రాజనర్సు చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. కాదంటే ఇజ్జత్ పోతుంది, ఔనంటే ఊపిరే పోతుంది.

"సార్, ఆ పేరు కొట్టేయుండ్రి," అన్నాడు వెనకాల నిలబడ్డ ముత్తన్న. "మా అన్న సీల్‌ను సూసింది నిన్న, నా ఫోన్‌ల. ఓడ లేదు, గీడ లేదు. రూముల ఏసీ పెడితేనే రెండు దుప్పట్లు గప్పుకొని పిల్లికూతలు వెడ్తడు. తలకాడ మెత్త కింద దమ్ము మందు ఉంటది."

కొట్టంతా గొల్లున నవ్వింది. సత్యప్రసాద్ పెన్ను ఆపి, "నిజమేనా?" అన్నాడు.

"ముత్తన్న జెప్పింది నిజం సార్! నా పిల్లల మీద ఒట్టు, అక్షరమక్షరం నిజం!" అన్నాడు రాజనర్సు.

పేరు కొట్టేసేదాకా రాజనర్సు ఆ పెన్ను మీదినుంచి కళ్లు తిప్పలేదు. ఆ తర్వాత హమ్మయ్య అనుకుని అందరికంటే గట్టిగా తనే నవ్వాడు. ముత్తన్న చెయ్యి పట్టుకుని, "ఇజ్జత్ పోతే పోయింది గని, బతికిచ్చినవ్ తమ్మీ," అన్నాడు.