బదిలీ ఉత్తరం

నేరేడ్‌మెట్‌లోని చర్చి ఆఫీసు నుంచి సంఘ కార్యదర్శి జకర్యా, ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ నుంచి అనుపమ, ఫోనులో.

“మళ్ళీ చెప్పమ్మా, ఎవరు చెప్పారన్నావ్?”

“వాట్సాప్ గ్రూపుల అంకుల్. ఎఫ్ఐఆర్ లేకుంటే అసైలం ఇయ్యరంట, వాపసు పంపిస్తరంట. ఒకాయనేమో ఎఫ్ఐఆర్ నేనే తయారు చేయించి ఇస్తా అంటుండు.”

“దొంగ కాయితమా? వద్దు తల్లీ. ఒక్క అబద్ధం దొరికితే నీ నిజాలు కూడా పోతాయి.”

“అదే భయమైతుంది. ఈడ ఫ్రీగ చూసే వకీలమ్మ ఉంది, జోయా మేడం. ఆమె సుత గదే అన్నది. పెండ్లి కాయితం ఉంటే తెప్పించుకోమన్నది. గురువారమే ఇంటర్వ్యూ. చర్చి పెండ్లి రిజిస్టర్ల సాక్షి సంతకం మీదే కదా, జెర ఫోటో కొట్టి పంపుండ్రి, చాలు.”

“ఫోటో ఎవరు నమ్ముతారమ్మా? సభ్యులు వేరే చర్చికి మారేటప్పుడు ఇచ్చే బదిలీ ఉత్తరం ఇస్తాను. పాస్టరు అయ్యగారి సంతకం, సంఘం ముద్ర. అనుపమ మా సభ్యురాలు, సైలస్ భార్య, ఆ సైలస్‌ని...”

“చంపినరని రాస్తరా?”

“రాస్తాను.”

“మా అన్న పేరు?”

“రాఘవేందర్ పేరు కూడా రాస్తాను.”

“అంకుల్, పోలీసోళ్ళే రాయలే. కాప్రా చెరువుల జారి పడ్డడని రాసిన్రు. జారి పడ్డోని చేతులు ఎనకకు కట్టి ఉంటయా?”

“ఏడవకు. ఇంతకీ ఉత్తరం ఏ సంఘానికి రాయాలి?”

“ఏ సంఘానికంటే?”

“బదిలీ ఉత్తరం ఊరికే రాయరు కదమ్మా. చేర్చుకునే సంఘం పేరుండాలి. నీ స్నేహితురాలు బ్యూలా సైనిక్‌పురి చర్చికి మారినప్పుడు ఆమె ఉత్తరం కోసం నువ్వే కదా వచ్చింది.”

“అవును. పేరు లేదని మీరు తిప్పి పంపిన్రు.”

“మరి.”

“జోయా మేడం ఒక్క మాట గట్టిగ చెప్పింది అంకుల్. ఏడుంటున్నవో ఊర్ల ఎవ్వరికీ చెప్పకన్నది. మీ అమ్మకు సుత వద్దన్నది. అన్న బామ్మర్ది కిషన్ గీ దేశంలనే ఉన్నడు. నన్ను దేవులాడుతుండు. ఇప్పటికి రెండు ఇండ్లు మారిన.”

“సరే, చెప్పొద్దులే.”

“కోపం చేయకుండ్రి.”

“కోపమెందుకు? నీ బాప్తిస్మం రోజు బైబిల్ చేతిలో పెట్టింది ఎవరు? పెళ్ళికి నీ తరఫున ఒక్కరూ రాకపోతే చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది ఎవరు?”

“మీరే.”

“నేనూ ఊళ్ళో ఎవరో ఒకణ్ణేనా?”

“గట్లనకుండ్రి. పేరు లేకుంటే నడవదా?”

“అయ్యగారు సంతకం పెట్టరు. నువ్వేమో గురువారం అంటున్నావు.”

“రాసుకోండ్రి. క్లేటన్ హిల్ చాపెల్.”

“ఊఁ. ఇల్లు?”

“ఇల్లు సుత రాయాల్నా?”

“సభ్యురాలి చిరునామా లేకుండా ఎట్లా అమ్మా?”

“చర్చి ఎనక సందుల. పద్దెనిమిదో నంబరు. పైన రూము.”

“ఒక్కదానివేనా?”

“ఒక్కదాన్నే.”

“ఆరాధనకి క్రమంగా వెళ్తున్నావా? అదీ రాయాలి.”

“ప్రతి ఆదివారం. తొమ్మిదింటికి ఇంట్ల నుంచి ఎల్త. నడుచుకుంటనే పోత.”

“నడుచుకుంటూనే. మంచిది. రేపు పంపిస్తాను. ప్రార్థనలో పెట్టుకుంటాను.”

“అంకుల్, ఏడాదైంది, ఎవ్వరితోని ఇట్ల మాట్లాడలే. అందరి మీద అనుమానమే. ఇయ్యాల పానం జెర నిమ్మళమైంది. వందనాలు.”

“వందనాలు తల్లీ. పెట్టెయ్యి.”

“పెట్టేస్తున్న.”

“స్పీకర్‌లో అంతా విన్నారుగా, రాసుకున్నారా రాఘవేందర్ గారూ? ఇక సైలస్‌ని పెట్టిన మా సమాధుల తోట మీద మీరేసిన కేసు వాపసు తీసుకోండి.”