ఆదెన్నను సార్ అన్న పొద్దు

"సార్" అనమన్నది నువ్వే కదా తల్లీ! ఇప్పుడొచ్చి "ఎట్లుండాది తిమ్మక్కా యాపారం?" అని నగుతా అడుగుతాండావే! ఎట్లుండాదో నీకు కనపడ్లేదా? ఆ బెంచీలు సూడు. పొద్దున్నే ఈ యాళకు నా హోటల్లో బెంచీ కనపడిందంటే ఏమని అర్థం? దాని మీద కూచునే మనుషులు లేరని అర్థం.

కూచో. కూచో అరుణమ్మా, కోపం నీ మీద కాదులే. ఉండాది, నీ మీద కూడా రోంత ఉండాది. అయినా కూచో. బొరుగుల ఉగ్గాని పెడతా, తిను. వేడిగా రెండు మిరపకాయ బజ్జీలు ఏస్తా. అనంతపురం నుంచి మొదటి బస్సుకే వచ్చినట్టుండావు, మొగం పీక్కపోయింది. నిన్ను మేడమ్ అననా నేను? అనను. నా కడుపున ఆడపిల్ల పుట్టింటే నీ ఈడుదే అయ్యుండేది.

ఏమంటివి? వీడియోనా? మళ్ళానా!

ఓహో... కొత్తగా అంగళ్ళు పెట్టుకునే ఆడోళ్ళకు ట్రైనింగా. వాళ్ళకు నేను నాలుగు మంచి మాటలు చెప్పల్లనా. నల్లమాడ క్రాసులో తిమ్మక్క ఉగ్గాని హోటలు ఎట్ల పైకొచ్చిందో చెప్పల్లనా. బాగుండాది. శానా బాగుండాది.

నీ చదువుకు వంక పెట్టడంలేదు తల్లీ. మాకు ట్రైనింగు ఇచ్చినప్పుడు, చెనక్కాయలు పంటకాలంలోనే మూట కొని పెట్టుకోమన్నావు, మంచిమాట. బొరుగులన్నీ ఒగేసారి నానబెట్టొద్దు, మనుషులను సూసి నానబెట్టు అన్నావు, అదీ మేలే. సాయంత్రానికి ఎన్ని పారబోస్తాంటినో నాకే సిగ్గు. "నీ చాకిరీకి నువ్వు జీతం ఎంత ఏసుకుంటాండావు తిమ్మక్కా?" అని అడిగితివి సూడు, ఆ రోజు ఇంటికి పోయి కూడా నగినా. నా పొయ్యి కాడ నేనే కూలిదాన్నని ఎప్పుడైనా అనుకున్న్యానా?

అన్నీ ఒప్పుకుంటా. కానీ ఇంగొగ మాట చెప్పినావే. "యాపారంలో చుట్టరికాలు కలుపుకోకూడదు. అన్నా, మామా, చిన్నాయనా అని పిలిస్తే వాళ్ళు చనువు తీసుకుంటారు. వచ్చినోళ్ళను సార్ అనల్ల, మేడమ్ అనల్ల. పోయేటప్పుడు ధన్యవాదాలు, మళ్ళీ రండి అనల్ల." అందరి చేతా పదిసార్లు పలికించినావు కూడా. పెద్ద పెద్ద ఆడోళ్ళం, బడిపిల్లోళ్ళ మాదిరి అరిస్తిమి.

ఈడ చుట్టరికం కలుపుకోకుండా ఎవురుండారమ్మా? నా పేరు సూడు. తిమ్మక్క. పేరులోనే అక్క ఉండాది. నాకన్నా పెద్దోళ్ళు కూడా నన్ను అక్కా అనే పిలవల్ల, ఇంగో దారి లేదు. ఆయప్ప పేరు సూడు. ఆదెన్న. దాంట్లో అన్న ఉండాడు. ఆ అన్నను తీసేసి పిలవమంటే నేనేమని పిలుద్దును?

ఆదెన్న ఎవురా? సూసినావు నువ్వు. ఎనకమాల చెనక్కాయల మిల్లులో హమాలీ మేస్త్రీ. పొడుగ్గా, భుజం మీద ఎర్ర తుండుగుడ్డ... ఆఁ, ఆయప్పే. ఈ హోటలు పెట్టినప్పటి నుంచి నాకు దినమూ బోణీ ఆయప్పదే. ఆయప్ప చెయ్యి మంచిదని ఊరంతా అనుకుంటాది. పది రూపాయల నోటు నా చేతిలో పెడతాడు, నేను కండ్లకద్దుకొని బాణలికి తాకిస్తా, అప్పుడే మొదటి బజ్జీ నూనెలో పడేది. ఆయప్ప ఎనకనే మూట మోసేవాళ్ళంతా వస్తారు. "ఏమ్మే తిమ్మక్కా, ఉప్పు తగ్గిందే ఈ పొద్దు!" అని అరుస్తాడు. "నోరు మూసుకొని తిను అన్నా" అంటా నేను. ఇదే మా యాపారం.

చుట్టమా అంటే చుట్టం కాదు. కులం యారే, ఊరూ యారే. అయినా ఇను, చెప్తా.

మా ఇంటాయప్ప పోయినాడు కదా. మాలో మొగుడు పోయినాక పదకొండో దినం ఆడదానికి పుట్టినింటోళ్ళు చీర పెట్టల్ల. మా నాయన ఎప్పుడో పోయె. అన్నదమ్ములా, లేరు. అందరూ కూచుండారు, "పుట్టినింటి చీర ఏదమ్మా?" అని ఒగ ముసలామె గట్టిగానే అడిగె. నేను తల కిందికేసుకున్న్యా. అప్పుడొచ్చినాడమ్మా ఆదెన్న! మిల్లు నుంచే వచ్చినట్టుండాడు, ఒళ్ళంతా దుమ్ము. చేతిలో కవరు. "నేను తెచ్చినా, నేను పెడతా" అనె. అంతే. ఆ చీర నా ఒంటిమీద కప్పి పోయినాడు. మరుసనాడు పొద్దున మామూలుగా వచ్చి, "బజ్జీలు ఎప్పుడేస్తావ్ మ్మే, ఆకలయితాంది" అన్న్యాడు.

అట్లాంటి మనిషి.

ఇంగ ఆ పొద్దు. గెవనముందా, గుర్తుండాదా నీకు? నీకు ఎందుకుంటాదిలే. ట్రైనింగు అయినాక సూసిపోను వచ్చినావు. ఫోన్లో దుడ్లేస్తే మాట్లాడే ఆ డబ్బా నువ్వే తెచ్చి ఈడ పెట్టినావు, "అప్పు అడగరాదు" అని బోర్డు నువ్వే తగిలించినావు. "తిమ్మక్కా, నేర్చుకున్నట్టే మాట్లాడు, వీడియో తీస్తా" అని ఆ మూల ఫోను పట్టుకొని నిలబడినావు. అందరిలోకీ నేనే బాగా చేస్తానని ఆఫీసులో చెప్పినావంట. ఆ మాట నా నెత్తికెక్కింది తల్లీ, అబద్ధమెందుకు చెప్పల్ల.

ఆదెన్న లోపలికొచ్చె. నేను చేతులు జోడించి, "నమస్తే సార్, ఏం కావాలి సార్?" అంటి.

ఎనక్కి తిరిగి సూసినాడమ్మా! తన ఎనక ఎవురో ఆఫీసరు వచ్చినాడేమో అనుకొని తిరిగి సూసినాడు. ఎవురూ లేరు. మళ్ళా నాతట్టు సూసినాడు. దినమూ తినేదే కదా, ఏం కావాలంటే ఏమి చెప్తాడు పాపం? జోబీలోంచి పది రూపాయల నోటు తీసి చాపె. నేను దాన్ని పట్టుకోనన్నా పట్టుకున్న్యానా? "సార్, స్కాన్ చేయండి సార్" అంటి. ఆయప్ప కాడ ఉండేది బటన్ల ఫోను! ఏమి స్కాన్ చేస్తాడు?

నగుతాడనుకున్న్యా. నువ్వు ఫోను దించినాక నేనూ నగి, "అన్నా, ఇది ఉత్త ఆటలే" అందామనుకున్న్యా. ఆయప్ప తలెత్తి ఆ బోర్డు సూసినాడు. అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివినాడు. ఆయన మనుషులు వారం చివర కూలి వచ్చినాకనే ఇస్తారు నాకు, ఎప్పుడూ ఎగ్గొట్టింది లేదు. ఆ బోర్డు వాళ్ళకే పెట్టినాననుకున్న్యాడు. నోటు నీళ్ళ గ్లాసు కింద పెట్టి, తినకుండానే ఎళ్ళిపోయినాడు.

అప్పుడు నేనేమి చేసినానో తెలుసా? "ధన్యవాదాలు సార్, మళ్ళీ రండి" అంటి. నువ్వు బొటనవేలు ఎత్తి సూపిస్తివి, బాగుండాదని.

అన్నకు "మళ్ళీ రండి" అని ఎవురైనా చెప్తారా అరుణమ్మా? పుట్టినింటాయప్పను మళ్ళీ రమ్మని పిలుస్తామా? పరాయోళ్ళనే కదా పిలిచేది?

అంతే. మరుసనాటి నుంచి ఆ ఎదురుగా ఉండే మల్లీశ్వరి బండి కాడ బోణీ చేస్తాండాడు. దాని ఉగ్గాని ముద్దలు ముద్దలు, నోట్లో పెట్టుకోలేము. తాళింపు ఏయను కూడా రాదు దానికి. కానీ అది "రా అన్నా, కూచో అన్నా" అంటాది. ట్రైనింగుకు పోలేదులే, తెలివైంది. ఎనకనే హమాలీలంతా ఆడికే పోయినారు. నేను వాకిట్లో నిలబడి "అన్నా!" అని రోడ్డు దాటేటట్టు అరిచినా. వినపడింది. భుజం మీద తుండుగుడ్డ సర్దుకున్న్యాడు కదా, అట్ల వినపడిందని తెలిసింది. తిరగలేదు.

ఆ బోర్డు ఆ దినమే పీకి పొయ్యిలో పెట్టినా. నిన్ను అడగలేదు. డబ్బా మటుకు ఉండాది, బస్సు దిగే పిల్లోళ్ళు ఫోనుతో కొడతాంటారు. "పది రూపాయలు అందినవి" అని అరుస్తాది. బోణీ అరిచి చెప్పేదా తల్లీ? కండ్లకద్దుకోను ఏముండాది దాంట్లో?

ఉండు, అయిపోలేదు. మొన్నటి సంగతి ఇను.

మూడు దినాలుగా ట్యాంకరు రాలేదు. మిల్లులో తొట్టి ఎండిపోయింది, మల్లీశ్వరి బిందెలు ఖాళీ, నా కాడే ఒగ కుండెడు నీళ్ళు మిగిలుండాయి. మిట్టమధ్యాన్నం, రోడ్డు మీద కుక్క కూడా లేదు. నేను పొయ్యి ఆర్పి కూచోనుండా. వాకిట్లో నీడ పడె. ఆదెన్న! లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడినాడు. నేను లేచినా. అనుకున్న్యా, ఇప్పుడు అరుస్తాడు, "ఏమ్మే తిమ్మక్కా" అంటాడు, తిడతాడు, తిట్టించుకుందాం, ఏడ్చేద్దాం అనుకున్న్యా.

"మేడమ్, రోంత నీళ్ళు దొరుకుతాయా?" అనె.

ఇచ్చినా. చెంబు నిండా ఇచ్చినా. తలెత్తి గటగటా తాగినాడు. మూతి తుడుచుకున్న్యాడు. జోబీలో చెయ్యి పెట్టినాడు తల్లీ... జోబీలో చెయ్యి పెట్టి, "ఎంత మేడమ్?" అనె.

ఎగతాళి కాదు. ఎగతాళికి అనింటే బాగుండు, చెంబు నెత్తిన ఏసి కొట్టింటి! కల్లాకపటం లేకుండా అడిగినాడు, నిజంగానే. ఈ హోటల్లో పద్ధతి అట్ల మారిందేమో, నీళ్ళకు కూడా దుడ్లు పెట్టినారేమో అనుకొని మర్యాదగా అడిగినాడు. చెయ్యి ఊపినా, వద్దని. "ధన్యవాదాలు" అనేసి ఎండలోకి పోయినాడు.

ఈ సీమలో ఇంటికొచ్చిన మనిషి నీళ్ళకు ఎంత అని నన్నడిగినాడు. నాకు చీర పెట్టినాయప్ప అడిగినాడు. ఇంగ నేను ఈ హోటలు ఏమి చేసుకోల్ల, చెప్పు?

ఏంది, నీ కండ్లలో నీళ్ళెందుకు? కారమా? బజ్జీ కారమేలే.

పోయి మాట్లాడుదువా నువ్వు? పోయి ఏమని పిలుస్తావు ఆయప్పను? సార్ అనా?

వద్దులే. అరుణమ్మా, నీ ఉద్యోగం నువ్వు చేసినావు, నా తలకాయ నేను వాడలేదు. ఫోను తియ్, వీడియో తీసుకుందువు. కొత్తోళ్ళకు చెప్పల్ల కదా, చెప్తా. మంచి చీర కట్టుకోనా? ఇదే సాలా? సరే.

"అమ్మల్లారా, బొరుగులు సూసి నానబెట్టుకోండి. చెనక్కాయలు కాలంలో కొనుక్కోండి. మీ చాకిరీకి జీతం ఏసుకోండి. వచ్చినోళ్ళను సార్ అనండి." సాలా? బాగొచ్చిందా? ఆ కడపటి మాట తీసేయొద్దు, అదే కదా నువ్వడిగింది.

బస్సు వస్తాంది, బిరిన లెయ్యి. ఆగు, ఆగు. ఒగ ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు తిన్నారు మీరు. నీళ్ళు ఊరికేనే. ఆ డబ్బా మీద కొట్టండి మేడమ్.

కొట్టినారా? ఆఁ, అరిచింది.

ధన్యవాదాలు మేడమ్. మళ్ళీ రండి.