వంటింట్లో చెంబు షాట్

ప్రొద్దుటూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో వెనక గది. కంప్యూటర్ ముందు స్టూడియో ఓనర్ కూతురు సుస్మిత. ఆమె కుర్చీ వెనక నిలబడి తెరలోకి మెడలు సాచి చూస్తున్న ఇద్దరిలో జమ్మలమడుగు సంజీవ్ డైరెక్టరు, తొండూరు ప్రవీణ్ విలన్. ఉన్న ఒక్క ఏసీ పనిచేయదు. కులం మీద తీసిన ఈ షార్ట్ ఫిలిం సాయంత్రంలోపల కడప పోటీకి పంపకపోతే, ఏడాది కష్టం పెన్నలో పోసినట్టే, అదీ నీళ్లు లేని పెన్నలో.

"ఆపు సుస్మీ, ఆడ ఆపు. చూడు వీని మొగం. కూలోళ్లకు పైనుంచి నీళ్లు పోసే పెద్దరెడ్డా వీడు? పెండ్లిలో పన్నీరు చల్లే తోడిపెండ్లికొడుకు మాదిరి నవ్వుతాండాడు."

"నవ్వలేదురా సంజీవా. ఎండ కండ్లల్లో పడింది."

"ఎండ కాదన్నా, పండ్లు కనపడతాండాయి."

"నువ్వు కూడానా సుస్మీ? నన్నేం చేయమంటారు? ఈ సంజీవ్ వాళ్ల అవ్వ కూలిదాని వేషంలో దోసిలి పట్టి నా ముందర వంగేసరికి నాకు సిగ్గేసింది. మా జేజి వయసుంటాది ఆమెకు. చెయ్యి రాలేదు. మా ఇంట్లో అట్లాంటియ్యి నేనెప్పుడూ చూడలేదురా. చూడందాన్ని ఎట్ట నటించేది?"

"విమానం ఎక్కకుండానే హీరోలు విమానాలు నడపడంల్యా? సరేలే, ఆ షాట్ చిన్నగా కోసేయ్ సుస్మీ. చెంబు కనపడితే చాలు, వీని పండ్లు వద్దు."

"కోసినా. ఆఖర్న పడే పేర్లు చెప్పండన్నా. అవ్వ పేరు ఏమని ఎయ్యాల?"

"గంగమ్మ."

"మొన్న కరుణమ్మ అంటివి."

"రేషన్ కార్డులో గంగమ్మ, చర్చిలో కరుణమ్మ. రెండూ ఎయ్. రెండు వేషాలేసిందనుకుంటారు."

"అది తర్వాత. ముందు ఆ టైటిల్ సంగతి తేల్చు సంజీవా. ఆఖర్న 'ఇదంతా ఒకప్పటి మాట' అని పడాల. లేకుంటే మా నాయిన ఊరుకోడు. షూటింగ్‌కు ఇల్లిచ్చింది ఆయన."

"ఒకప్పటి మాటైతే సినిమా ఎందుకురా? పురావస్తు శాఖకు పంపిద్దాం."

"ఎకసెక్కాలు వద్దు. ఇప్పుడు యాడుందిరా కులం? నువ్వే చెప్పు. నువ్వు మా ఇంటికి రావా? కాఫీ తాగవా?"

"తాగుతా. నేను తొండూరు బస్సెక్కేదే మీ అమ్మ కాఫీ కోసరం. నీ మొగం చూసేకి ఎవుడొస్తాడు?"

"విన్యావా సుస్మీ? వీనికి మా ఇంట్లో సొంత గ్లాసు కూడా ఉండాది."

"సొంత గ్లాసా?"

"స్టీలు గ్లాసు సుస్మీ, పైన చిలక బొమ్మ చెక్కిండాది. నేనెప్పుడు పోయినా దాంట్లోనే ఇస్తాది ఆ యమ్మ. ఇంగెవరికీ ఇయ్యదు. ఒకసారి వీళ్ల మేనమామ నీళ్లు తాగేకి దాన్ని పట్టుకుంటే చేతిలోంచి లాక్కునింది. సొంత కొడుకు, వీనికే లేదు ఆ మర్యాద."

"నిజమే. నాకు ఏది చేతికొస్తే అదే."

"పుణ్యం చేసుకున్యావన్నా. మా ఇంట్లో నాకు సొంత చెప్పులే లేవు. మా చెల్లెలు ఏసకపోతాది."

"ఆ చెంబు సంగతి కూడా చెప్పు సంజీవా. మా జేజి పుట్టింటినుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు సుస్మీ. షూటింగ్ అయినాక మా అమ్మ దాన్ని వీళ్ల అవ్వ చేతిలో పెట్టింది. 'నీ దగ్గరే ఉంచుకో తల్లీ, గుర్తుగా ఉంటాది' అనింది. కులం పట్టింపు ఉండే ఇంట్లో ఎవురన్నా ఇస్తారా?"

"ఇచ్చింది. అది ఒప్పుకోవాల."

"అవ్వ ఏమనింది సంజీవన్నా?"

"ఏమంటాది? తీసుకునింది."

"ఊరికే తీసుకునే మనిషి కాదే మీ అవ్వ."

"ముసిల్ది ఏందో అంటాదిలే. నవ్వింది. నువ్వు పని చూడు."

"చూస్తాండా. చూస్తాంటేనే ఒకటి తగిలింది. ఆఖరి షాట్ యాడన్నా?"

"ఏం ఆఖరి షాట్?"

"నువ్వు రాసిందే. పెద్దరెడ్డి బుద్ధి మారి చెంబు అవ్వకిస్తాడు. అవ్వ నోరు పెట్టి తాగుతాది. ఆమె తాగినాక అదే చెంబుతో అతనూ తాగుతాడు. ఈడిదాకా ఉండాది. ఆ చెంబు మళ్లా రెడ్డి వంటింట్లోకి పోయి గూట్లో కూచ్చునేది లేదు. కథంతా దానిమీదనే గదా."

"అయ్యో. ప్రవీణూ, ఆ పొద్దు ఎలుతురు పోయింది, రేపు తీస్తామంటిమి. తీయలేదురా."

"నువ్వు డైరెక్టరువి. నన్నడుగుతావేంది?"

"ఏడుపు తర్వాత. చెంబు నా సంచిలోనే ఉండాది, పోస్టర్ కోసరం అవ్వనడిగి తెచ్చినా. బండి తీయ్. పోతాం, మీ వంటింట్లో పెడతాం, ఒక్క షాట్, సాయంత్రం కాకముందే వాపస్."

"ఆగు, మా అమ్మకు చెప్తా. చెప్పకుండా పోతే ఇల్లు సర్దుకోలేదని తిడతాది. స్పీకర్లో పెడతాండా, నువ్వూ మాట్లాడు."

"నా గొంతు వింటే 'చిక్కిపోయినావు' అని మొదలుపెడతాది, చూడకుండానే. నువ్వే మాట్లాడు."

"హలో, అమ్మా."

"ఏం నాయినా, తిన్యావా?"

"తిన్యా. అమ్మా, మేం వస్తాండాం. వంటింట్లో ఒక షాట్ తీయాల."

"రాండి. ఉగ్గాని చేస్తా. సంజీవ్ కూడా వస్తాండాడా?"

"వస్తాండాడు. చెంబు కూడా తెస్తాండాం."

"ఏం చెంబు?"

"ఇత్తడి చెంబుమా. నువ్వు వాళ్లవ్వకు ఇచ్చింది."

"అదెందుకబ్బా మళ్లా? ఇచ్చింది తిరిగి తీసుకోకూడదు."

"తీసుకునేకి కాదు. మన గూట్లో పెట్టి, కెమెరాలో పట్టుకోని, మళ్లా ఎత్తకపోతాం."

"గూట్లో ఎందుకు? వసారాలో తీసుకోండి. ఎలుతురు బాగుంటాది."

"కథలో వంటిల్లుమా."

"వంటిల్లంతా మసి పట్టిండాది."

"మసి ఉంటేనే బాగుంటాది."

"నాయినా, నేనొకటి చెప్తా విను. అట్లాంటిదే ఇంకో చెంబు అటక మీద ఉండాది. దాన్ని తోమి గూట్లో పెడతా. సినిమాలో ఎవురికి తెలుస్తాది?"

"ఇదుండగా అదెందుకు?"

"చెప్తాండా గదా, ఇది వద్దని."

"ఎందుకొద్దుమా?"

"నీకన్నీ విడమర్చి చెప్పాల. ఆ యమ్మ నోరు పెట్టి తాగింది గదరా. దేవుని పటాలుండే ఇల్లు. నేనేమన్నా తిట్టినానా, కొట్టినానా? నిండు మనసుతో ఇచ్చేస్తి. ఈ మాట ఆ పిల్లోని ముందర అనొద్దు. బంగారట్లాంటి పిల్లోడు, బాధపడతాడు. ఉగ్గానికి బజ్జీలు కూడా ఏస్తాలే. నిదానంగా రాండి, లారీలు తిరుగుతాంటాయి. పెట్టేస్తాండా."

"అన్నా, టీ చెప్దునా?"

"చెప్పు సుస్మీ. ఏ గ్లాసులోనన్నా పర్వాలేదు."

"సంజీవా, మా అమ్మ ఆ కాలపు మనిషిరా."

"ఏ కాలం? ఒకప్పటి మాట అంటివి గదా. ఈ పొద్దు ఏం వారమో చూడు, ఈ పొద్దు మాటే అది."

"నాకు తెలీదురా. మా అమ్మ తోడు. చెంబు ఇచ్చిందని నేను ఊరంతా చెప్పుకున్యా. మా అమ్మ అని గొప్పగా చెప్పుకున్యా."

"నేను చెప్పుకోలేదా? చర్చిలో కూడా చెప్పినా. పాస్టరయ్య ప్రార్థనలో మీ అమ్మ పేరు తీసుకున్యాడు. సరే, ఏడుపు మొగం మాను. ఆ టైటిల్ ఎయ్యాల్నా, తీయాల్నా? సుస్మీ చెయ్యి మౌసు మీదనే ఉండాది."

"తీసెయ్."

"మీ నాయిన?"

"తన్నులు తినేది నేను, నీకేం పోయింది? తీసెయ్ అంటాండా గదా."

"తీసేసినా అన్నా. మరి ఆఖరి షాట్?"

"ల్యాకుండానే పంపుదాం సుస్మీ. చెంబు రెడ్డి ఇంట్లోకి పోలేదు. పోకుండానే కథ అయిపోతాది. అబద్ధం ఒకటి తగ్గింది."

"సంజీవా, ఆ పొద్దు మీ అవ్వ ఏమనిందిరా? నిజం చెప్పు."

"'మంచి ఇత్తడిరా అబ్బీ. ఇంకో రెండు సినిమాలు తీయండి, బిందె కూడా మనకే ఇచ్చేస్తారు' అనింది. తమాషాకు అనిందనుకున్యా. ఇంటిదాకా నవ్వుతానే వచ్చింది. నేనూ నవ్వినా."

"ఆమెకు తెలుసు."

"తెలుసు. నాకే తెలీలేదు. కులం మీద సినిమా తీసేటోన్ని నేను, నాకే తెలీలేదు. మీ అమ్మ మీద కోపం కూడా రావడం లేదురా. నా ముందర నాకే నగుబాటుగా ఉండాది."

"పోనీలేరా. టీ వస్తాది, తాగుదాం."

"ప్రవీణూ."

"ఊ."

"నా చిలక గ్లాసు."

"దాని సంగతి ఇప్పుడెందుకురా?"

"మీ ఇంట్లో దాన్ని యాడ పెడతారు?"

"యాడో పెడతారు. ఎవురు చూసినారు?"

"నువ్వు చూసినావు. యాడ పెడతారు?"

"పెరట్లో. గొడ్ల కొట్టం గూట్లో. నువ్వొచ్చినప్పుడల్లా ఆడికి పోయి తెచ్చేది నేనే గదరా."