మెతుకు దిగితే పాసు

కాదు గాని బావా, మా ఇంటి కోళ్ళు నీ ఎనకాల ఎందుకు తిరుగుతున్నాయో నువ్వే సెప్పు. గింజలేసి పెంచినోణ్ణి నేను. పొద్దున్నే డబ్బా వాయించి పిలిస్తే ఒక్కటీ తిరిగి సూడదు. నువ్వు కంచం కడుక్కోడానికి జామచెట్టు కాడికి ఎల్తే మాత్రం పెట్టా పుంజూ పిల్లలూ అన్నీ నీ పంచె అంచు పట్టుకునే నడుస్తాయి. ఏటి కత?

అలా సూడకు. మాటాడలేవని నాకు తెలుసు. ఆ జబ్బు మింగుడుతో పాటు గొంతు కూడా పట్టుకుపోనాది కదా, ఊఁ అనడానికే దగ్గొస్తాది నీకు. అందుకే మాటలన్నీ నేనే ఆడతాను, నువ్వు తలకాయ ఊపితే సాలు. ఊపడం ఇష్టం లేకపోతే ఆ సిగ్నలు కేసి సూస్తూ కూచో. బండి ఇంకా తేరుబలి దాటలేదంట, అప్పలనరసింహం ఇప్పుడే కేబిన్లోంచి కేకేసి సెప్పేడు. ఎవరో దారినపోయేవోడు అడిగితే సెప్తాడేటి ఆడు? రాయగడ స్టేషన్లో పాయింట్స్‌మేన్ సన్యాసిరావంటే ఆ మాత్రం మర్యాదుంది మరి.

కాళ్ళు బెంచీ మీదకి పెట్టుకో. సలిగా ఉందేటి? దుప్పటి ఇలా బుజాల మీదకి లాగు. ఆఁ.

నాకేటో ఇయాళ ఒకచోట కుదురుగా కూచోబుద్ధి కావడం లేదు. ఇందాకట్నించి టీ కొట్టు కాడికీ బెంచీ కాడికీ తిరుగుతున్నాను, సూసేవు కదా. టీ కొట్టు కాడ నాతో పనిసేసే మన్మథరావు పట్టుకున్నాడు. "బావగారికి ఎలా ఉంది?" అన్నాడు. "అన్నం తింటున్నాడు" అన్నాను. "అదృష్టవంతుడు" అన్నాడు. కొట్టు కాడి ఒడియా కుర్రోణ్ణి నా కాడ టీ డబ్బులు కూడా తీసుకోనివ్వలేదు. ఈ మూడు వారాల్లో నేను "అన్నం తింటున్నాడు" అనని మనిషి ఈ ప్లాట్‌ఫారం మీద ఉన్నాడా? బుకింగు క్లర్కుతో అన్నాను. కూలీలతో ఒడియాలో కూడా అన్నాను, "భాత్ ఖావుచి" అని. గూడ్సు గార్డులు దిగీ దిగక ముందే అన్నాను.

ఆ మాట అన్నప్పుడల్లా నోరు తియ్యగా అయ్యేది బావా. అబద్ధమాడ్డం ఎందుకు.

నీకు గుర్తుందా, విశాఖపట్నంలో డాక్టరు గారు ఏటన్నారో? నువ్వు అప్పుడు మంచం మీద అటు తిరిగి పడుకున్నావు. ఇన్నావో లేదో అని నాకు ఇప్పటికీ అనుమానమే. అందుకే మళ్ళీ సెప్తాను, ఇను.

"చూడు సన్యాసిరావు, మీ బావకి సగం కరెంటే పెట్టాం" అన్నారు. "మిగతా సగం పెట్టాలా వద్దా అన్నది మూడు వారాలు ఆగితే గాని తేలదు. ఇంటికి తీసుకెళ్ళి తిండి పెట్టు. అన్నం దిగే గొట్టంలో దారి తెరుచుకుంటే మెతుకు దిగుతుంది. దిగితే పుండు కరెంటుకి లొంగుతోందని అర్థం, మిగతా సగం పెడతాను. దిగకపోతే లొంగే రకం కాదు. అప్పుడు ఒంట్లో ఓపిక ఉండగానే ఆపరేషన్‌కి వెళ్ళాలి. ఆలస్యమైతే అదీ కుదరదు."

నేను ఊరుకుంటానేటి? "ఎక్స్‌రే తీస్తే తెలీదా బాబూ?" అన్నాను.

"తీస్తాను. కాని కరెంటు పెట్టిన చోట వాపుంటుంది. వాపూ పుండూ బొమ్మలో ఒకేలా కనపడతాయి. మనిషి ఏం మింగుతున్నాడన్నదే నాకు అసలు కబురు" అన్నారు.

"పోనీ ముందే సెప్పెయ్యండి బాబూ, ఇది ఈనకి పడతాదా పడదా?" అన్నాను. నవ్వేరాయన. నవ్వు కాదది, మూతి ఓ పక్కకి లాగేరు. "ఒకే వయసు, ఒకే చోట పుండు, ఒకే కరెంటు. ఒకడికి కరిగిపోతుంది, ఇంకొకడికి రాయిలా ఉండిపోతుంది. ఎందుకో తెలిస్తే ముందు నీకే చెప్తాను" అన్నారు.

అంత సదువుకున్నాయన తెలీదన్నాడు సూడు. మన కొల్నారలో తెలియనోడు ఉన్నాడా? సోది సెప్పే దిసారి సేటలో బియ్యం పోసి, గింజలు జతలు జతలుగా ఏరి, బాగైపోతాదన్నాడు. మా పక్కింటి దేముడమ్మ నీ గోళ్ళు సూసి బాగైపోతాదంది. అక్క మజ్జిగౌరమ్మకి సీర మొక్కుకుని, పువ్వు కుడిపక్కన పడిందని ఏడిసింది. నేను... నా సంగతి తెలుసు కదా. నన్నెవరూ అడక్కపోయినా సెప్తాను.

ఆ వార్డులో అసిరయ్య, గుణుపురం పక్కోడు, కడుపులో కేన్సరు ఆడిది. ఎండిపోయిన కందికట్టెలా ఉండేవోడు. ఆడి పెళ్ళాన్ని పక్కకి పిలిచి, "అమ్మీ, కోతెందుకు, ఇంటికి తీసుకుపో, కళ్ళెదుట పోతాడు" అని పెద్దరికంగా సెప్పేను. ఆవిడ నాకేసి ఓ సూపు సూసి ఎల్లి సంతకం పెట్టింది. కడుపు సగం కోసేసేరు. మొన్న సంతలో కనిపించేడు, బెల్లం దిమ్మ బుజానేసుకుని. "బావున్నావా బాబాయ్" అన్నాడు నన్ను పట్టుకుని. ఆడి పక్క మంచం మీద ఓ పోలీసాయన ఉండేవోడు, దుక్కలాగ, ఆయనదీ కడుపే. "మీకేటండీ, నెల్లో డ్యూటీకి ఎల్లిపోతారు" అన్నాను. ఆయన నెల కూడా ఉండలేదు.

అదీ నా జోస్యం. ఎవరిది సరిపోనాది గనక.

ఎనకాల తలుపుకి జేరబడకు, రంగు అంటుకుంటాది. కొత్తగా ఏసేరు.

ఏటి సెప్తున్నాను? ఆఁ, ఆ రోజు తిరుగు బండిలో. అసలు తప్పు అక్కడ జరిగింది. నువ్వు కిటికీ కాడ దిగులుగా కూచున్నావు. నిన్ను నవ్విద్దామని నా మెడికలు కత సెప్పేను. మా రైల్వేలో పాయింట్స్‌మేన్‌కి కళ్ళు సూస్తారు కదా, గోడకి అట్ట ఏలాడదీసి, దూరం నించి అక్షరాలు సదవమంటారు. నా కళ్ళకి కింద వరసలు రెండూ సీమల బారే. అయితే ఏటి? మా వోళ్ళందరూ సేసేదే నేనూ సేసేను. ముందు లోపలికెళ్ళినోడు బయటికొచ్చి వరసలు సెప్తాడు, ఎనకున్నోడు బట్టీ పట్టేస్తాడు. తాతల నాటి పద్ధతి అది. నాకు మన్మథరావు సెప్పేడు. లోపలికెళ్ళేను. కాంపౌండరు ఇంకా దీపం ఏసేడో లేదో, నేను పై నించి కిందదాకా గడగడా సదివేసేను. డాక్టరు అట్టకేసి సూసి, నాకేసి సూసి, "అక్షరాలు ఇంకా గోడ వైపే ఉన్నాయయ్యా, నువ్వు చదివింది ఉత్త అట్ట" అన్నాడు. అని నవ్వేసి పాసు సేసేడు.

నువ్వూ నవ్వేవు ఆ రోజు. దగ్గొచ్చినా నవ్వేవు. అప్పుడన్నాను నేను, "మెడికలంటే అంతే బావా, ఎలాగో ఒకలాగ పాసయిపోవడమే. నీకు మెతుకు దిగితే పాసు. పాసయిపో" అని.

అని ఊరుకున్నాను. నువ్వు ఊరుకోలేదు.

నా కళ్ళు పాసయ్యేయి గాని బాగుపడలేదు కదా బావా. ఆ సంగతి కూడా అప్పుడే సెప్పుండాల్సింది. ఇప్పటికీ పొగమంచు పడితే జెండా రంగు నాకు ఆనదు, ఊపే తీరు బట్టి పోల్చుకుంటాను. మా ఇంటిది సుభద్రమ్మకి కూడా తెలీదది.

నేను సూసేను నిన్ను. అవును, మొన్న బుధవారం. పళ్ళు తోముకోడానికి పందుంపుల్ల ఇరుసుకుందామని పెరట్లోకి వచ్చేను. నువ్వు జామచెట్టు కాడ వంగి ఉన్నావు. బుగ్గలోంచి అన్నం ముద్ద తీసి, తువ్వాల్లో పెట్టి, నేలమీదకి దులుపుతున్నావు. సప్పుడు కాకుండా. కోళ్ళు నీ సుట్టూ నిలబడ్డాయి, భోజనాల బంతి కాడ కూచున్నట్టు, ఏ తొందరా లేకుండా. ఆటికి అలవాటైపోనాది. అంటే ఆ రోజు మొదలు కాదన్నమాట.

నేను ఏటి సేసేను? పిలవాలి కదా. "బావా, ఇదేటి పని" అనాలి కదా. అడుగులో అడుగేసుకుని ఎనక్కి ఎల్లిపోయేను. ఇంట్లో సుభద్రమ్మ, "అన్నయ్య ఇయాళ అన్నం మారు కూడా అడిగేరు" అని మురిసిపోతున్నాది. అవునే అన్నాను. డ్యూటీకి వచ్చేను. ఇక్కడ, ఇదే బెంచీ కాడ, స్టేషను మాస్టరు గారు అడిగేరు. "అన్నం తింటున్నాడు సార్, ఇయాళ మారు కూడా ఏసుకున్నాడు" అన్నాను.

సూసొచ్చిన కళ్ళతోటే అన్నాను. కోళ్ళు కదా, దేని ఎనకాలైనా తిరుగుతాయి అని నాకు నేనే సెప్పుకున్నాను. ఆదివారం అక్క కొల్నార నించి వరికోతలు వదులుకుని వచ్చింది. నువ్వు దాని ఎదర కంచం ముందేసుకుని నవుల్తూ కూచున్నావు. అది సూసి కొంగు నోట్లో పెట్టుకుని ఏడిసింది, సంతోషానికి. కొత్త బియ్యం మర పట్టించి ఉంచుతానంది నీ కోసం. అప్పుడు కూడా నేను నోరు మూసుకునే ఉన్నాను. నేను, నోరు మూసుకుని. ఎప్పుడైనా ఇన్నావా అలాంటిది?

ఇప్పుడు ఈ బండెక్కి ఎల్తాం. రేపు ఆయన అడుగుతారు, "ఏం తింటున్నావు కూర్మారావు" అని. నువ్వు అన్నం అన్నట్టు సైగ సేస్తావు. ఆయన నా మొకం సూస్తారు. నేను అవునంటాను. ఆయన సంతోషించి మిగతా సగం కరెంటు పెడతారు. ఆ పుండుకి పట్టని కరెంటు నీ సర్మానికి పట్టేస్తాది, మాడిపోతావు. ఇంకో నెల పోతాది. అప్పుడు కోద్దామంటే ఇగో, ఈ సెయ్యి సూడు, బుజం దగ్గిర నా రెండు వేళ్ళ మధ్య ఇమిడిపోతున్నాది. కోతకి ఏటి మిగుల్తాది?

ఆయన నిన్ను పాసు సెయ్యడానికి అడగడం లేదు బావా. ఎటు తిప్పాలో తెలియక అడుగుతున్నారు. పట్టాలు మార్చే పాయింటు ఎటుందో నేను తప్పు సెప్తే బండి ఎటు పోతాది? నా ఉజ్జోగమే అది, నాకే ఎక్కలేదు.

కత్తంటే భయం, అంతే కదా? తల ఊపక్కరలేదు. నాకూ భయమే. కోస్తే బతుకుతావా అంటే... నువ్వడుగుతున్నావు నన్ను, ఆ కళ్ళతో. అడక్కు. అసిరయ్య పెళ్ళాన్ని అడిగినా ఆ రోజు తెలీదనే అనుండేది.

అదుగో, సిగ్నలు ఒంగింది. తేరుబలి దాటేసిందన్నమాట. కూచో, ఇంకా టైముంది.

ఆయనకంటే ముందు నాకు సెప్పు. నాకు సెప్పడం అలవాటైతే ఆయనకి సెప్పడం సులువు. అన్నం సంగతి తెలిసిందే, అది వొదిలేయ్. అంబలి దిగుతున్నాదా? పలచగా కాసిన సోడంబలి. నిన్న సాయంత్రం నా ఎదురుగానే గ్లాసుడు తాగేవు కదా.

అదీ జామచెట్టు కాడికేనా.

సరే. పాలు?

మంచినీళ్ళు?

బావా, నిన్నే అడుగుతున్నాను. మంచినీళ్ళు దిగుతున్నాయా?

ఏటది, వేళ్ళు అలా దగ్గిరగా పెట్టి సూపిస్తున్నావు? సెంచాడా? సెంచాడు నీళ్ళు. అదీ సగం ఎనక్కే వచ్చేస్తున్నాదా. ఎప్పట్నించి? ఆదివారం నించా? అక్క ఎదర కంచం ముందు కూచున్న రోజు... అప్పటికే నీళ్ళు లేవా నీ లోపలికి?

ఉండు. ఉండు, లేవకు. నేను లేపుతాను. బండొచ్చేసింది, తొందరేం లేదు, గార్డు మనోడే, ఆపుతాడు. నా బుజం మీద సెయ్యెయ్. అసలు బరువే లేవు బావా నువ్వు.

ఇను. అక్కడ నేను నోరిప్పను. ఇప్పితే ఏదో బాగున్నట్టే వచ్చేస్తాది నాకు, నా నోటి సంగతి నీకు తెలుసు. ఆయన అడిగినప్పుడు నువ్వే సెప్పు. ఇప్పుడు నాకు సూపించినట్టే సూపించు, ఆ రెండు వేళ్ళూ దగ్గిరగా పెట్టి. ఇంకాస్త కూడా ఎడం సెయ్యకు.

తరవాత ఆయన ఏటంటారో, కోస్తారో, కోసినా ఏటవుతాదో... నాకేటి తెలుసు. ఎక్కు, ముందు కుడికాలు పెట్టు.